రెండో అరుపు తాతయ్యది

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా డైరీకి కూడా తిన్నగా చెప్పలేదు. ఆ రోజు పేజీలో "ఎవరో అరిచారు" అని రాసి ఉంటుంది, ఆ డైరీ నేను తప్ప ఇంకెవరూ చదవరని తెలిసి కూడా. మా పాత ఊరి నాటకాల హాల్లో, రష్యా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడి ఉండగా, ఆరేడు వందల మంది దగ్గడం కూడా మానేసి చూస్తుండగా, "వన్స్ మోర్" అని మొదట అరిచింది మా తాతయ్య కాదు. నేను.

పోయిన ఆదివారం పక్క వాటాలో మామ్మగారి టీవీ ముందు కూర్చోకపోతే ఇప్పుడు కూడా చెప్పేదాన్ని కాదేమో. సినిమా మొదలవడానికి ముందు ఏదో దేశపు బాలే వేశారు. తెల్ల గౌన్ల అమ్మాయిలు మునివేళ్ల మీద వరసగా వచ్చి నిలబడ్డారు. రెండు నిమిషాలు ఓపిక పట్టి మామ్మగారు, "ఓలమ్మా, బొమ్మ వచ్చింది గానీ మాటలు రావట్లేదేటి? ఆ యాంటెన్నా తిప్పండర్రా ఎవరైనా" అన్నారు. ఆవిడ అల్లుడు మేడెక్కి తిప్పాడు. ఉన్న బొమ్మ కూడా పోయింది. "ఇందులో మాటలుండవండీ" అని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. మళ్లీ బొమ్మ వచ్చేసరికి, కూర్చున్న చోటే నా మడమలు నేల మీంచి లేచి ఉన్నాయని గమనించుకున్నాను. సినిమా మొదలవకుండానే లేచి వచ్చేశాను. ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. బీచి రోడ్డు చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాను. అయినా కాళ్లలో ఇంకా ఏదో మిగిలిపోయే ఉంది. ఏడేళ్లుగా మిగిలిపోయి ఉన్నదే అది.

తాతయ్య అంటే మా అమ్మ నాన్న. అమ్మమ్మ పోయాక మా ఇంట్లోనే ఉండేవారు. పోర్టులో వించి డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఓడల్లోంచి బరువులెత్తి గట్టు మీదికి దించే యంత్రం నడపడం ఆయన ఉద్యోగం. కానీ ఏం చేసేవారని ఎవరైనా అడిగితే మాత్రం "నాను హార్మనీ మనిషిని" అనేవారు. నలభై ఏళ్లు పద్యనాటకాలకి హార్మోనియం వాయించారు. పగలంతా వించి మోతలో చెవులు దిబ్బెళ్లు పడిపోయినా, సాయంత్రం ఆరయ్యేసరికి స్నానం చేసి, తలకి కొబ్బరినూనె పట్టించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని హాలుకి బయల్దేరేవారు. ఆ నూనె వాసన వీధి మలుపుదాకా ఉండేది. ఆయన వేళ్ల మీదుగా ఎంతమంది రాజులు, ఎంతమంది దేవుళ్లు శృతి అందుకున్నారో లెక్క లేదు.

పద్యనాటకం ఎరగనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. పద్యం బాగా పాడితే జనం "వన్స్ మోర్" అంటారు. పాడినాయన మళ్లీ పాడాలి. పాడకపోతే జనానికి కోపం, అడక్కపోతే పాడినాయనకి కోపం. కత్తిదెబ్బ తిని పడిపోయిన రాజుగారు లేచి కూర్చుని, కిరీటం సర్దుకుని, పద్యం మళ్లీ పాడి, ఇందాక పడిపోయిన చోటు వెతుక్కుని మరీ పడిపోవడం నా చిన్నప్పుడు బోలెడుసార్లు చూశాను. అందులో మాకు నవ్వొచ్చేది ఏమీ లేదు. మంచి పద్యం కోసం చావు కాసేపు ఆగితే తప్పేమిటి? తాతయ్య వాయించని రోజుల్లో మూడో వరసలో కూర్చునేవారు. స్తంభాన్ని ఆనుకుని ఉన్న కుర్చీ నాది, దాని పక్కది ఆయనది. ఆయన "వన్స్ మోర్" అంటే హాలంతా అనేది. వించి మోతని దాటి కేకెయ్యడం అలవాటైన గొంతు మరి.

నా గొంతు అందుకు పూర్తిగా తేడా. డిగ్రీ మూడేళ్లూ "ప్రెజెంట్ సార్" అని నేను అన్నది లెక్చరర్లకి వినిపించేది కాదు. హాజరు చాల్లేదని చివరి ఏడు అమ్మ వచ్చి ప్రిన్సిపాలు గారితో మాట్లాడాల్సి వచ్చింది. "పిల్ల రోజూ వచ్చిందండీ, గొంతే రాలేదు" అంది అమ్మ. సిటీ బస్సులో ఆపమని "హోల్డాన్" అనలేక నా స్టాపు దాటిపోయి, ఇంకెవరో అరిచిన చోట దిగి వెనక్కి నడిచి వచ్చిన రోజులున్నాయి. మా హాలు వెనక గదిలో రీడింగ్ రూము ఉండేది. తాతయ్య ముందు హాల్లో రిహార్సలుకి వాయిస్తుంటే నేను వెనక పుస్తకాలు చదువుకునేదాన్ని. గోడకి అటువైపు ఆయన, ఇటువైపు నేను. మా ఇద్దరికీ ఊళ్లో అదొక్కటే చోటు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. రష్యా ఇంజినీర్లు కుటుంబాలతో వచ్చి ఉండేవారు. కురుపాం మార్కెట్లో అరటిపళ్ల వాళ్లతో వేళ్లు చూపించి బేరమాడేవారు. వాళ్ల కోసమని, ఊళ్లో పెద్దల కోసమని ఒక బాలే బృందాన్ని పిలిపించారు. బీచి దగ్గర ఆరుబయట స్టేజి కట్టారు. రెండు రోజుల ముందు వాయుగుండం పట్టి ఆ స్టేజి పందిరి కాస్తా గాలికి లేచిపోయింది. అప్పటికప్పుడు దొరికింది మా హాలు. మా సెక్రటరీ గారు వృత్తికి ప్లీడరు. ఆ రెండు రోజులూ ఆయన నేల మీద నడవలేదు. "ఇది ఇంటర్నేషనల్ మేటరండీ" అని ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పారు. స్తంభాలకి వేసిన సున్నం ఆ వానగాలికి ఆరనే లేదు. ఆటకి వెళ్లినవాళ్లలో సగం మంది వీపుల మీద తెల్ల మచ్చలతో ఇంటికొచ్చారు, నాతో సహా.

తెర లేచే ముందు స్టేజి మీద కొబ్బరికాయ కొట్టడం మా ఆచారం. ఆ రోజూ కొట్టారు. నీళ్లు చెక్కల మీద పారాయి. అది చూసి ఆ బృందంలో పెద్దావిడ ఒకరు కెవ్వుమని, మోకాళ్ల మీద కూర్చుని తువ్వాలుతో తుడవడం మొదలెట్టింది. ఆ సంగతి మాకు చెప్పింది సాయిబు గారు. నాటకాలకి కిరీటాలు, మీసాలు, జరీ కోట్లు అద్దెకిచ్చే డ్రెస్ కంపెనీ ఆయనది. తాతయ్యా ఆయనా ఒకళ్లనొకళ్లు బావా అనే పిలుచుకునేవారు. ఎవరి జోడుకో రిబ్బను ఊడితే సూదీ దారంతో ఆయన్ని లోపలికి పిలిచారు. పని చేసిచ్చి, తెర లేచేలోపల పరుగున వచ్చి తాతయ్య చెవిలో చెప్పారు.

"బావా, ఆ జోడు సేత్తో పట్టుకుని సూసినాను. ముందర కర్రముక్కలాగుంది. కర్ర కాదు, గుడ్డా జిగురూ. పెట్టెలో గుగ్గిలం పొడిలాటిదేదో పోసుకుని అందులో తొక్కి మరీ వస్తన్నారు, జారకుండా."

"కాళ్లు సూసినావేటి?"

"సూసినాను బావా. అన్నీ కాయలే. మన కళాసీల సేతుల్లాగ."

ఓడల్లో మూటలు మోసే కళాసీల చేతులు తాతయ్యకి బాగా తెలుసు. తెర వైపు చూస్తూ ఇంకేం మాట్లాడలేదు. సాయిబు గారు మళ్లీ లోపలికి వెళ్లిపోయారు, ఇంకే రిబ్బను ఊడుతుందో అని.

మొదటి అరగంట మా వాళ్లు పాట కోసం చూశారు. రాజకుమారుడిలా ఉన్నతను వచ్చి చెయ్యి చాపినప్పుడల్లా ఇదిగో ఇప్పుడు పాడతాడు అనుకోవడం, అతను ఎగిరి తిరిగి వెళ్లిపోవడం. వెనక వరసలో ఒకాయన "ఇంకా మొదలెట్టరేటి?" అన్నాడు. పైన రేకుల మీద జల్లు పడి ఆగుతోంది. హార్బరులోంచి ఓడ కూత వినిపిస్తోంది. కుర్చీలు కిర్రుమంటున్నాయి. నాకు మాత్రం కుర్చీ ఉన్నట్టే లేదు. సంగీతం స్పీకరు పెట్టెలోంచి వస్తోంది. అది సన్నబడినప్పుడల్లా ఆ జోళ్ల చప్పుడు చెక్కల మీద వినిపించేది, టక టక టక అని. దూదిపింజల్లా కనబడుతున్న మనుషులకి అంత చప్పుడుంటుందని నేననుకోలేదు. చూస్తే బరువు లేదు, వింటే ఉంది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా పడతాయో తెలియక, చూడ్డం మాని వినడం, వినడం మాని చూడ్డం చేశాను చాలాసేపు.

తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. నా వయసే ఉంటుంది. ఏదో పోగొట్టుకున్నట్టు స్టేజి ఈ మూల నించి ఆ మూలకి తిరిగింది. కథ ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆగలేకపోవడం మాత్రం తెలిసింది. ఒక చోట నిలవదు, కూర్చోదు, చెయ్యి చాపుతుంది, వెనక్కి తీసుకుంటుంది. నోరు విప్పని మనిషి వైపు అంతమంది తిరిగి చూడ్డం నేను అంతకుముందు ఎరగను. మాట్లాడకపోతే మనిషి ఉన్నట్టే లెక్క కాదని నా అనుభవం. ఈ పిల్ల ఒక్క మాట లేకుండా ఆఫీసర్లనీ, ప్లీడర్లనీ, వెనక వరస ఆయన్నీ కుర్చీలకి అతికించేసింది. నాలో ఎవరో అటూ ఇటూ పచార్లు చేస్తున్నట్టనిపించింది. ఎన్నాళ్లనించో చేస్తూనే ఉన్నారని, నేను ఆ రోజే విన్నానని కూడా అనిపించింది.

చివరికి మధ్యలోకి వచ్చి ఆగింది. ఒంటికాలి మునివేళ్ల మీద లేచి, రెండో కాలు వెనక్కి చాచి, అలాగే నిలబడింది. సంగీతం కూడా ఆగింది. మూడో వరసలోంచి నాకు ఆ చీలమండ కనబడుతోంది. సన్నగా అదురుతోంది. ఆ అదురుని ఆ పిల్ల లోపల్లోపలే పట్టి ఆపుతోంది. ఒక్క క్షణంలో ఇది అయిపోతుంది, మళ్లీ రాదు, ఇంటికెళ్లి నేను మళ్లీ ఎప్పటిలాగే ఉంటాను అని తోచింది. అంతే తెలుసు. ఏదో నా నోట్లోంచి బయటికి పోయింది.

"వన్స్ మోర్!"

ఆ గొంతు నాకే కొత్త. బొంగురుగా, మొగగొంతులా వచ్చింది. స్టేజి మీద ఆ చీలమండ ఒరిగి, మడమ చెక్క మీద దబ్బున పడింది. ఆ అమ్మాయి చేతులు బారలా చాపి నిలదొక్కుకుని చీకట్లోకి చూసింది. నేనెక్కడున్నానో ఆవిడకి కనబడదని తెలిసినా నేను స్తంభం వైపు ఒదిగిపోయాను. అప్పుడు పక్కనించి తాతయ్య లేచి నిలబడ్డారు. నిండు గొంతుతో "వన్స్ మోర్!" అన్నారు. వరసలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఇంకేముంది, అరగంటనించి నోళ్లు కట్టుకుని కూర్చున్న జనానికి ఇదేదో తెలిసిన మాట దొరికింది. హాలు దద్దరిల్లిపోయింది. తెర లాగే మనిషి కంగారుపడి తెర వేసేశాడు.

తెర ముందుకి పొడుగాటి రష్యా ఆయన ఒకరొచ్చారు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు కాబోలు. "సభాసదులారా, దయచేసి శాంతింపుడు. మా వలన ఏమి అపరాధము జరిగినది?" అన్నారు. జనం ముందు నిశ్శబ్దమైపోయి, తర్వాత నవ్వేశారు. తాతయ్య నవ్వలేదు.

"అపరాధం కాదు బాబూ, బాగుంది! బాగుండబట్టే అడుగుతన్నాం. ఆ పిల్లని ఒక్కపాలి మళ్లీ సెయ్యమను!"

ఆయన లోపలికి వెళ్లారు. కాసేపటికి తెర లేచింది. ఆ అమ్మాయి వచ్చి, తలవంచి దణ్ణంలా ఏదో పెట్టి, ఆ ఆటంతా మొదటినించి మళ్లీ ఆడింది. అందరూ చూశారు. నేను చూడలేదు. తల వంచుకుని నా చెప్పులు చూసుకుంటూ, చెక్కల మీద ఆ చప్పుడు మాత్రం విన్నాను. అంతగా కావాలని అడిగినదాన్ని, ఇచ్చినప్పుడు చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే సెక్రటరీ గారు మా ఇంటికి వచ్చారు. నేను కాఫీ గ్లాసులతో వంటింటి తలుపు దగ్గర ఆగిపోయాను. ముందు వరస ఆఫీసరు ఒకాయన, ఈ ఊరి వాళ్లకి ఆట చూడ్డం రాదు, ఇంకెప్పుడూ ఇక్కడ పెట్టించం అన్నాడట. రాతపూర్వకంగా సంజాయిషీ అడిగాడట. మొదట అరిచిందెవరని కమిటీలో విచారిస్తే అందరూ ఒకటే పేరు చెప్పారట.

"నానే" అన్నారు తాతయ్య, ఆయన ఇంకా అడక్కుండానే. "నానే అరిసినాను. దానికేటి?"

"దానికేమిటంటారేమిటండీ! ఆ అమ్మాయి పడి కాలు విరిగితే ఏమయ్యేది?"

అప్పటిదాకా గట్టిగా మాట్లాడుతున్న తాతయ్య ఆ మాటకి మాత్రం తల దించుకున్నారు. నేల చూస్తూ కూర్చున్నారు. నేనున్న వైపు తల తిప్పలేదు. నేను ఒక్క అడుగు వేస్తే గదిలో ఉంటాను. ఒక్క మాట చెబితే సరిపోతుంది. గ్లాసుల్లో కాఫీ మీద మీగడ కట్టింది.

"క్షమాపణ రాసివ్వండి" అన్నారు సెక్రటరీ గారు. "కమిటీ తీర్మానం. అది ఇచ్చేదాకా మీరు హాలుకి రావడానికి వీల్లేదు."

"బాగుందని అరిసినందుకు క్షమాపణేటి బాబూ? రాయను."

ఆ సాయంత్రం ఆయన హార్మోనియం రిక్షా ఎక్కి ఇంటికొచ్చింది. పక్కన ఎవరూ లేకుండా, సీటు మీద అదొక్కటే, ఊరినించి వచ్చిన చుట్టంలా. కిటికీ కింద పెట్టించారు. దాని గుడ్డ తియ్యలేదు. మా పాత ఊళ్లో ఏ వస్తువైనా ఒక పూట కదపకపోతే పోర్టులోంచి వచ్చే ఇనపరాయి ధూళి ఎర్రగా కమ్మేస్తుంది. అమ్మ రోజూ తుడిచేది, రోజూ కమ్మేది.

అక్కణ్ణించి మా ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. తాతయ్య ఆరయ్యేసరికి స్నానం చేసి, నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మందాకా వెళ్లేవారు. అక్కడ ఆగి, ఎటు తిరగాలో తెలియక, హార్బరు గేటుదాకా నడిచి తిరిగొచ్చేవారు. పావుగంటకి మళ్లీ చెప్పులేసుకునేవారు. "ఎక్కడికి నాన్నా?" అంటే, "ఊరికినే" అనేవారు. మంచం పట్టె మీద ఆయన వేళ్లు వాటంతటవే నడుస్తుండేవి. ఇక నేను, మధ్యాహ్నం అమ్మ కునుకు తీసినప్పుడు కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ల మీద లేచి నిలబడేదాన్ని. పట్టుమని పది సెకన్లు నిలవలేకపోయేదాన్ని. వేళ్లు మండిపోయేవి, అయినా వదలబుద్ధయ్యేది కాదు. కిటికీలోంచి దూరంగా, హార్బరులో చోటు లేక సముద్రంలో లంగరేసుకుని ఉన్న ఓడలు కనిపించేవి. వాటిని చూస్తే గాభరాగా ఉండేది.

సాయిబు గారు వచ్చి బతిమాలేవారు.

"బావా, ఒక్క ముక్క రాసి పడీరాదేటి? నువ్వు లేక మన రాజుగారు ఎక్కడ ఎత్తుకుంటన్నాడో ఆడికే తెలీట్లేదు. నిన్న రాత్రి... కాదు, మొన్న, మీసం ఒక పక్క, పద్యం ఒక పక్క."

"పోనీ."

"పోనీ అంటే పోతాదేటి? ఏడుపొస్తంది బావా వినలేక."

"నువ్వు మాత్రం ఏడవకు. నీ కళ్ల సురుమా కారితే సూడలేను" అన్నారు తాతయ్య. ఇద్దరూ నవ్వారు. సాయిబు గారు వెళ్లగానే మళ్లీ చెప్పులేసుకున్నారు.

నేను రాయగలను. మాట్లాడలేనివాళ్లకి మిగిలేది అదే కదా. "ఆ రోజు మొదట అరిచింది మా తాతయ్య కాదు, నేను" అని ఒక కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, తిరిగివ్వాల్సిన పుస్తకంలో దాచుకుని హాలుకి వెళ్లాను. సెక్రటరీ గారు రీడింగ్ రూములోనే ఉన్నారు. "ఏమ్మా?" అన్నారు. నాకు ఆ గదిలోని నలుగురూ తల ఎత్తి చూసినట్టనిపించింది. ఆడపిల్ల సభలో అరిచిందట అన్న మాట పాత ఊరి సందుల్లో ఇంటింటికీ వెళ్లడం ముందే వినిపించింది. "పుస్తకం... రెన్యూవల్ అండీ" అన్నాను. ముద్ర వేసి ఇస్తూ ఆయన, పాపం మంచిగానే, "నువ్వైనా చెప్పమ్మా మీ తాతయ్యగారికి. చదువుకున్నదానివి. రెండు లైన్లు చాలు" అన్నారు.

ఆ రెండు లైన్లూ నేనే రాశాను. రెండు కాదు, పద్నాలుగు. నేను రాసినవాటిలో అంత బాగా కుదిరింది అంతకుముందు లేదని చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "వయోభారం వల్ల ఉద్రేకం నిలుపుకోలేక సభామర్యాద అతిక్రమించాను. పెద్దలు మన్నించగలరు." కింద తాతయ్య సంతకం పెట్టాను. పింఛను కాగితాల మీద చూసి చూసి ఆ వంకర నాకు కంఠతా వచ్చు. "తాతయ్య ఇమ్మన్నారండీ" అని ఇచ్చేశాను. ఆ రెండు ముక్కలూ మాత్రం తడబడకుండా వచ్చాయి. అబద్ధానికి గొంతు ఎక్కణ్ణించి వస్తుందో!

కాగితం బీరువాలోకి పోతుందనుకున్నాను. సెక్రటరీ గారు దాన్ని నోటీసుబోర్డుకి గుచ్చారు.

మర్నాడు సాయిబు గారు గుమ్మంలోంచే, "రాసీసినావటగా బావా! సెప్పనేలేదేటి?" అంటూ వచ్చారు. నేను బియ్యం ఏరుతున్నాను. చేట మీద నా చెయ్యి ఆగిపోయింది. మంచం పట్టె మీద తాతయ్య వేళ్లు కూడా ఆగిపోయాయి.

"ఆఁ" అన్నారు. "రాసీసినాను."

ఇద్దరూ కలిసి హాలుకి వెళ్లారు. అక్కడ జరిగింది సాయిబు గారు తర్వాత అమ్మకి చెప్పారు. తాతయ్య బోర్డు ముందు నిలబడి, కళ్లజోడు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ కాగితం రెండుసార్లు చదివారట. ఎవరో నవ్వారట. "రాత కుదిరింది" అని మాత్రం అని లోపలికి వెళ్లి, రాజుగారికి శృతి పట్టుకున్నారట, ఎవరిదో పాత హార్మోనియం పెట్టె మీద. మర్నాడు ఆయన హార్మోనియం రిక్షా ఎక్కి వెనక్కి వెళ్లింది. ఆ పూట ఇంటికొచ్చి నన్ను మంచినీళ్లడిగారు. ఇచ్చాను. తాగి గ్లాసు ఇచ్చారు. ఏమైనా అంటారేమోనని గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన చొక్కా విప్పి కొయ్యకి తగిలించుకున్నారు.

అంతా మునుపటిలాగే అయిందని అందరూ అనుకున్నారు. నాకు తెలుసు కాలేదని. ఆ తర్వాత ఎంత గొప్ప పద్యానికైనా ఆయన మూడో వరసలోంచి అరవలేదు. జనం అలవాటుగా ఆయన వైపు చూసేవారు. ఆయన చప్పట్లు కొట్టేవారు. జనం కూడా చప్పట్లు కొట్టి ఊరుకునేవారు. పద్యం ఒక్కసారే అయిపోయేది. పడిపోయిన రాజుగారు ఇక లేచేవాడు కాదు.

మరుసటి ఏడు నాకు టెలిఫోను ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. ఆ కబురు విని మా వీధిలో నవ్వనివాళ్లు లేరు. ఇప్పుడు నేను రోజుకి ఆరు గంటలు ట్రంకు లైన్ల మీద అరుస్తాను, "హలో మద్రాస్, హలో కటక్" అని. అవతలి మాట ఒక్కోసారి చాలా ఆలస్యంగా చేరుతుంది. లైను తెగిపోయిందనుకుని ప్లగ్గు పీకబోతుంటే అప్పుడు వినిపిస్తుంది, పలచగా, తేటగా. ఏళ్లు కూడా కొన్ని మాటల్ని అలాగే అందిస్తాయని ఈ ఉద్యోగంలో అర్థమైంది. అన్నప్పుడు వినిపించింది వేరు, ఇప్పుడు వినిపిస్తున్నది వేరు.

శిక్షణకి హైదరాబాదు వెళ్లాల్సి వచ్చినప్పుడు నాన్నకి పోర్టులో షిఫ్టు. స్టేషనుకి తాతయ్యే వచ్చారు. నాకు కిటికీ పక్క సీటు చూసి, పెట్టె కింద తోసి, మంచినీళ్ల సీసా నింపి తెచ్చిచ్చారు. మూడు వారాలు తిరక్కుండానే హాస్టలుకి టెలిగ్రామ్ వచ్చింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది. కాబట్టి స్టేషనులో మాట్లాడినదే చివరిది. ఆ రోజు కూతేసి బండి కదిలింది. ఆయన కిటికీ ఊచ మీద చెయ్యేసి పక్కనే నడుస్తూ, ఎవరికో శృతి సరిచేస్తున్నంత మామూలుగా అన్నారు:

"అరిసినందుకు తప్పు లేదే అమ్మా. ఆ పిల్ల కాలు కిందకి దించీదాకా నువ్వు ఆగలేదు, అదొక్కటే తప్పు. ఆ కాగితంలో ఆ ఒక్క ముక్కే రాసుంటే, నానే సంతకం పెట్టీసుందును."